చేతులు పెరిగే స్వెట్టర్

తాండూరుల బండల మిషిన్ల దిక్కు గల్లీలల్ల ఎవ్వలనన్న అడుగుండ్రి, ఎల్లప్ప స్వెట్టర్ అంటె ఎర్కలేనోళ్లు లేరు. దుకాన్ల కొన్న స్వెట్టర్ పోరలు ఒక సలికాలం తొడిగితె, మల్లొచ్చే సలికాలానికి చేతులు మోచేతి కాడికొస్తయ్. ఎల్లప్ప స్వెట్టర్ గట్ల గాదు. మూడు సలికాలాలు ఆగుతది. పోరి ఎంత పొడుగైతె చేతులు గంత పొడుగైతయ్.

గందుల మంత్రం ఏం లేదు. అందరు చెయ్యిని మణికట్టు కాడ మొదలువెట్టి భుజం దిక్కు అల్లుకుంట పోతరు. వీళ్లు తిర్లమర్ల. భుజం కాడ మొదలువెట్టి మణికట్టు దిక్కు వస్తరు. ఆఖరు ముడి మణికట్టు కాడ పడ్తది. యాడాదైనంక గా ముడి ఇప్పి కొస గుంజితె, చేతి పట్టీ సర్రున ఇప్పుకుంట వస్తది. దాసిపెట్టిన ఊలు అందుకొని ఇంకో మూడు వేళ్లంత అల్లి మల్ల ముడేస్తె అయిపాయె. ఏ ఉండ ఏ పోరిదో, ఏ పోరనిదో, ఎల్లప్ప రేకు డబ్బల పెట్టి యాది పెట్టుకుంటడు. చదువు రాదు గని గా యాది మాత్రం మస్తుంటది.

అయితె పేరుకే ఎల్లప్ప స్వెట్టర్. చేతులు ఎల్లప్ప అల్లడు. మొండెం ఎల్లప్పది, చేతులు రెబెక్కక్కయి. ముప్పై ఏండ్ల సంది గంతే.

ఎల్లప్ప పడుసోడున్నప్పుడు బండలు పాలిష్ పట్టే కాడ పనిచేసెటోడు. దుమ్ము రొమ్ములకు పోయి దగ్గు పట్టింది. వికారాబాద్ గుట్టమీది దవఖానల ఆర్నెల్లున్నడు. గాడ ఆయాపని చేసెటామె రెబెక్క. ఎల్లప్ప కంటె ఐదేండ్లు పెద్ద. పగటీలి వరండల ఎండకు కూసోని స్వెట్టర్ అల్లెటిది. గీయన మంచంల పండి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటుంటె సూసి, రెండు సూదులు చేతుల పెట్టింది.

"ఊకె పండుకుంటె పానం ఇంక గుంజుతది తమ్మీ. గివి పట్టు."

"గిది ఆడోళ్ల పని గదక్కా."

"ఊపిరి తీసుకునుడు ఆడోళ్ల పనా, మొగోళ్ల పనా? పట్టుమంటున్న గద."

గట్ల పట్టిండు. మొండెం అల్లుడు సాపు పని, తొందరగనే వచ్చింది. చేతుల కాడ మాత్రం లెక్క తప్పుతుండె. "చేతులు నాకిడ్సిపెట్టు, నువ్వు మొండెం సూసుకో," అన్నది అక్క. దవఖాన నుంచి బయటపడ్డంక బరువుపని చెయ్యొద్దన్నరు. గప్పటి సంది ఇద్దరిది ఒకటే పద్ధతి. నెల మొదటి శనివారం ఎల్లప్ప ప్యాసింజర్ బండెక్కి మొండేలు, ఊలు సంచిల పెట్టుకొని వికారాబాద్ పోతడు. ఆమె పోయిన నెల మొండేలకు చేతులు అల్లి, కుట్టి ఇస్తది. మొదట్ల ఆమె ఇంట్ల, ఇప్పుడైతె ఇద్దరు ప్లాట్‌ఫారం మీద సంచులు మార్సుకుంటరు, చాయ్ తాగుతరు, కష్టం సుఖం మాట్లాడుకుంటరు. మల్లొచ్చే బండికి ఈయన తాండూరు. యాడాదికోసారి చేతులు పొడుగు చేసే పని గూడ ఆమెదే.

ఎల్లప్ప పెండ్లాం నాగవ్వ నవ్వుతుండె. "ఏమయ్యా, లగ్గం నన్ను చేసుకున్నవ్, సంసారం మీ అక్కతోని చేస్తున్నవ్. నాకొక్క చెయ్యన్న అల్లినవా ఏనాడన్న?"

"చేతులు నాకు రావే."

"ఎట్లొస్తయ్! అన్ని ఆమెకు అప్పజెప్పితివి."

ఈ ఏడు సలి కార్తీకంలనే దిగింది. ఒకనాడు పొద్దుగాల పక్కింటి సుమిత్రమ్మ మనుమరాలు హాసినిని రెక్క పట్టుకొని వచ్చింది. పోరి రెండో తరగతి. పోయినేడు అల్లిచ్చిన పచ్చ స్వెట్టర్ ఒంటిమీదనే ఉన్నది, చేతులు మాత్రం పైకెక్కినయ్.

"ఎల్లప్పన్నా, గిది పొడుగు చెయ్యి. పొద్దుగాల ఏడింటికి బడి బస్సు. మంచుకు దగ్గు పట్టింది పోరికి."

"శనివారం వికారాబాద్ తీస్కపోత చెల్లె."

"శనివారం దాక దగ్గు ఆగుతదా? ముడి ఇప్పి గుంజితె వస్తది, నాలుగు వరుసలు అల్లితె అయితది అని నువ్వే చెప్పినవ్ గద, గల్లీ అంత ఇనేటట్టు."

నిజమే, చెప్పిండు. ఎల్లప్పకు పౌరుషమొచ్చింది. నాలుగు వరుసలు సాపుగ అల్లుడు నాకు రాదా ఏంది అనుకున్నడు. "తియ్యి బిడ్డా, మాపటికి ఇస్త," అన్నడు.

ఆకిట్ల ఎండకు కుర్సేసుకొని కూసున్నడు. అద్దాలు పెట్టుకున్నడు. డబ్బలకెళ్లి పచ్చ ఊలు తీసిండు. మణికట్టు కాడ ముడి దొరికింది. ఇప్పిండు. కొస పట్టుకొని గుంజిండు.

రాలే.

జర గట్టిగ గుంజిండు. పట్టీ అంత ముడుసుకపోయింది గని ఒక్క కుట్టు ఊడలే. సూదితోని ఒక్కొక్క కుట్టు కెలికిండు. కుట్టుకు కుట్టు ఇరికి కూసున్నది. అల్లుడంటె ఆఖరు కొస నుంచే ఇప్పుకుంట వస్తది, మొదలు కొస నుంచి రాదు. గది సూదులు పట్టినోళ్లందరికి ఎర్కే. ఎల్లప్పకు మనసుల ఏదో గుచ్చినట్టయింది గని మల్ల తనే సర్ది చెప్పుకున్నడు. ఊలు తడిసి బిగుసుకున్నదేమో. కత్తెర తీసుకొని కొసకు జర కత్తిరించిండు. పట్టీకి బొక్క పడ్డది. గంతే తప్ప దారం కదల్లే.

"ఏమాయె?" అన్నది నాగవ్వ బియ్యం ఏరుకుంట.

"ఏం కాలే."

"కాకుంటె గా బొక్కేంది?"

ఎల్లప్ప బొక్క మీద చెయ్యి అడ్డం పెట్టిండు. స్వెట్టర్ తిప్పిండు. భుజం కాడ మొండేనికి చెయ్యి అతికిచ్చిన కుట్టు దారం కోసిండు. చెయ్యి ఊడి ఒళ్లె పడ్డది. పైన అంచుకు ఎదికిండు. ఒక ముడి దొరికింది. ఇప్పి కొస గుంజిండు. సర్రున వచ్చింది. గుంజిన కొద్ది వచ్చింది. ఒళ్లంత పచ్చ ఊలు వంకర్లు పోయి పడ్డది.

అంటె గీ చెయ్యిని మణికట్టు కాడ మొదలువెట్టి భుజం కాడ ముగించిండ్రు. అందరు అల్లినట్టె.

అక్క మరిసిపోయిందా? ముప్పై ఏండ్లు ఒక్క తీరుగ అల్లిన చెయ్యి మరిసిపోతదా? ఎల్లప్ప లేసి లోపలికి పోయి, పోయిన నెల ఆమె ఇచ్చిన సంచి తెచ్చిండు. పోరగాండ్లకు ఇంక ఇయ్యాల్సిన స్వెట్టర్లు ఐదున్నయ్. ఒక్కొక్కదాని భుజం కుట్టు జరంత ఇప్పి సూసిండు. ఐదింటికి కొస భుజం కాడనే ఉన్నది.

గప్పుడు ఎల్లప్పకు ఇంకో ముచ్చట యాదికొచ్చింది. పోయినేడు సంది చేతుల అల్లకం జర మారింది. కుట్లు బిగువుగ, సన్నగ వస్తున్నయ్. ఆయన సూసిండు. సూసి మెచ్చుకున్నడు గూడ. ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుకుంట, "అక్కా, నీకు వయసు పెరుగుతున్నదా, తగ్గుతున్నదా? గింత సాపుగ ఎన్నడు అల్లలే నువ్వు," అన్నడు. ఒక్కసారి గాదు, నాలుగైదు సార్లు అన్నడు. ఆమె నవ్వుకుంట చాయ్ తాగింది.

"నాగవ్వా, నా అంగి ఇయ్యి."

"ఇయ్యాల బుధారం గదా, ఏడికి?"

"వికారాబాద్."

రైల్ల కిటికి పక్కన జాగ దొరికింది గని బయట ఏం కనబడ్డదో ఆయనకే ఎర్క లే. ఒళ్లె సంచి, సంచిల ఒక చెయ్యి లేని పచ్చ స్వెట్టర్.

రెబెక్కక్క ఇల్లు రైలు గేటు అవతల. ఎల్లప్ప ఆ ఇంటికి పోక యాడాది దాటింది. గంతకుముందు నెలనెల ఇంటికే పోయెటోడు, బువ్వ తిని వచ్చెటోడు. ఒకనాడు ఆమెనే, "నీకు గంత దూరం నడక ఎందుకు తమ్మీ, నేనే టేషన్‌కు వస్త," అన్నది. ఎంత ఫికరో నా అక్కకు అనుకున్నడు గప్పుడు.

గడప మీద ఒక పడుసుపిల్ల కూసోని ఉన్నది. స్టీలు గిలాసకు ఫోన్ ఆనిచ్చి పెట్టింది. ఫోన్ల ఎవ్వలో అల్లి సూపెడుతున్నరు, గది సూసుకుంట ఈమె అల్లుతున్నది. ఆమె చేతులల్ల నీలం చెయ్యి. గా నీలం ఊలు పోయిన నెల ఎల్లప్ప ఇచ్చిందే.

"రెబెక్కమ్మ ఉన్నదా బిడ్డా?"

"అత్తమ్మ చర్చికాడికి పోయింది, వస్తది. కూసో పెద్దయ్యా. స్వెట్టర్ కోసమా?" అన్నది. రెబెక్క కొడుక్కు పోయినేడు లగ్గమైంది, కోడలు పేరు పద్మారాణి అని ఎల్లప్పకు ఎర్కే. లగ్గంల దూరంకెళ్లి సూసిండు, గంతే. ఆమెకు ఈయన యాదికి లేడు.

"అవు, స్వెట్టర్ కోసమే," అన్నడు.

"అత్తమ్మ అల్లినయైతె పండుగ దాక ఆగాలె. మస్తు మంది అడుగుతున్నరు. సూస్తవా?" లోపలికి పోయి ఒకటి తెచ్చి ఎల్లప్ప ఒళ్లె పెట్టింది.

ఎర్ర స్వెట్టర్. నిండ స్వెట్టర్, మొండెం, చేతులు, మెడ, అన్ని. వీపు మీద వేపాకు మండలోలె అల్లకం. ఎల్లప్ప ఏలు పెట్టి తడిమిండు. ముప్పై ఏండ్లల్ల ఆయన అల్లిన ఒక్క మొండెం గూడ గింత మంచిగ లేదు. మణికట్టు తిప్పి సూసిండు. ముడి గాడనే ఉన్నది. భుజం కాడ మొదలువెట్టి మణికట్టు కాడ ముగించిన చెయ్యి. అసలైన రెబెక్కక్క చెయ్యి.

"మరి నీ చేతులల్ల ఉన్నదేంది బిడ్డా?"

"గిదా? తాండూరుల ఎవ్వలో ముసలాయన మొండేలు పంపుతడు. వాటికి చేతులు నేనల్లుత. పోయినేడు సంది నాదే గా పని. అత్తమ్మ ఇవి ముట్టదు, నిండయే అల్లుతది. ఫోన్ల సూసి నేర్సుకున్న పెద్దయ్యా. మంచిగ లేదా?"

"మంచిగుంది," అన్నడు ఎల్లప్ప.

గంతల రెబెక్క వచ్చింది. ఆకిట్ల చెప్పులు ఇడిసి తలెత్తి సూసింది. ఎల్లప్పను సూసింది, ఆయన ఒళ్లె ఎర్ర స్వెట్టర్ సూసింది. చెప్పుల కాడనే నిలవడ్డది.

"ఇయ్యాల శనివారం గాదు గదా," అన్నది.

"కాదక్కా. గందుకే దొరికినవ్."

ఎల్లప్ప పచ్చ స్వెట్టర్ తీసి ఆమె ముంగట పెట్టిండు. "ముడి ఇప్పి గుంజిన. రాలే."

రెబెక్క గడప మీద కూసున్నది. కోడలి దిక్కు సూసి, "చాయ్ పెట్టుపో," అన్నది.

"చాయ్ వద్దు," అన్నడు ఎల్లప్ప. "యాడాది సంది చాయే తాగినం. నేను 'అక్కా గింత సాపుగ ఎన్నడు అల్లలే' అంటుంటె నవ్వుకుంట తాగినవ్. ఒక్కసారన్న నోరు తెరవాలె గదా!"

"తెరవాలె," అన్నది ఆమె. "తెరవలే."

"ఎందుకు? చేతులు గుంజుతున్నయా? కండ్లు కనబడ్తలెవ్వా? చెప్తె నేనేమన్న అంటుంటినా?"

"చేతులకేం కాలే, కండ్లకేం కాలే. గా ఎర్రది సూసినవ్ గదా." రెబెక్క ఎర్ర స్వెట్టర్ ఆయన ఒళ్లెకెళ్లి తీసుకున్నది. "విసుగొచ్చింది ఎల్లప్పా. ముప్పై ఏండ్లు చేతులే అల్లిన. ఒక్క వీపు అల్లలే, ఒక్క మెడ అల్లలే. నీకు సూదులు పట్టుడు నేర్పింది నేను. ఊరంత ఎల్లప్ప స్వెట్టర్ అంటది. నాలుగేండ్ల కింద ఒక మొండెం నేనల్లుత అని అడిగితె ఏమన్నవో యాదికుందా?"

ఎల్లప్పకు యాదికుంది. 'నీకెందుకక్కా గా తిప్పలు' అన్నడు. ప్రేమతోనే అన్నడు. ప్రేమతోనే అన్న అని ఇప్పటిదాక అనుకున్నడు.

"గట్లంటె మొఖం మీద అడగొచ్చు, కొట్లాడొచ్చు. గీ దొంగతనమెందుకు? నేను మంది పోరగాండ్లకు మాటిచ్చిన, చేతులు పెరుగుతయ్ అని. పోయినేడు పద్నాలుగు స్వెట్టర్లు ఇచ్చిన. పద్నాలుగు ఇండ్లల్ల నేను అబద్ధమాడిన, నాకు తెల్వకుంట. నువ్వు ఆడిచ్చినవ్."

"అవి పొడుగు చేసే పని ఎట్లైన నాకాడికే వస్తది గదా, వచ్చినప్పుడు సూద్దామనుకున్న. ఇటియ్యి, రెండు దినాలల్ల పద్మతోని కొత్త చేతులు అల్లిపిస్త."

"అల్లిపిస్తవా?" అన్నడు ఎల్లప్ప.

రెబెక్క తల దించుకున్నది. "సరె. నేనే అల్లుత."

నిన్నటిదాక గా ఒక్క మాటకే ఎల్లప్ప పానం నిమ్మలమయ్యేది. ఇయ్యాల కాలే. ఇగ ఆమె అల్లి ఇచ్చినా, ప్రతి స్వెట్టర్ భుజం కాడ కుట్టు ఇప్పి సూసుకునే బతుకు తనది.

"నా మొండేలు, ఊలు తెచ్చియ్యి అక్కా."

పద్మారాణి లోపలికెళ్లి సంచి తెచ్చింది. ఏం జరుగుతున్నదో పిల్లకు గప్పుడే సమజైంది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "పెద్దయ్యా, నువ్వేనా? అత్తమ్మ నీకు చెప్పిందనుకున్న. నా చేతులు మంచిగ లెవ్వా?"

"నీ చేతులకేం తక్కువ లేదు బిడ్డా. మంచిగ అల్లుతున్నవ్," అని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, పచ్చ స్వెట్టర్ తీస్కొని బయటపడ్డడు. గేటు కాడికి వచ్చేదాక ఎనుకకెళ్లి ఎవ్వలు పిలవలే.

తాండూరు వచ్చినంక రెండు దినాలు ఎల్లప్ప ఆకిట్ల కుర్సి దిగలే. హాసిని చెయ్యి తనే అల్లుడు మొదలువెట్టిండు. భుజం కాడ మొదలువెట్టిండు, దిక్కు కరెక్టే ఉన్నది. ఎన్ని వరుసలకు ఎన్ని కుట్లు తగ్గించాలెనో గది మాత్రం ఎర్క లే. గది అక్క ఏళ్లల్లనే ఉన్నది, ఏ కాయితం మీద లేదు. మొదటిది భుజం నుంచి మణికట్టు దాక ఒక్క తీరుగ వచ్చింది.

"మోరీ పైపులెక్కున్నది," అన్నది నాగవ్వ.

ఇప్పిండు. రెండోది మోచేతి కాడనే సన్నగయింది.

"గిది పోరికా, పిల్లికా?"

మల్ల ఇప్పిండు. ఊలు ఇప్పి అల్లి, ఇప్పి అల్లి, బొచ్చు లేసింది. గప్పుడు ఫోన్ మోగింది. నాగవ్వ ఎత్తి, ఇని, చేత్తోని ఫోన్ మూసి పట్టుకున్నది.

"మీ అక్క. తగ్గించుడు లెక్క చెప్తదట. రాసుకోనక్కర లేదంట, ఇంటె సాలంట."

ఎల్లప్ప చేతులల్ల సూదులు ఆగినయ్. గా లెక్క ఒక్కటుంటె గంటల పని. పోరి దగ్గుడు గోడ అవతలకెళ్లి ఇనబడుతున్నది. నోటిదాక వచ్చింది, ఇటియ్యి అని.

"లేడని చెప్పు," అన్నడు.

నాగవ్వ ఫోన్ల, "లేడంట వదినా," అన్నది. "ఎవ్వలన్నరా? ఆయనే అన్నడు."

మూడోది జర నయమే. పైన బాగనే ఉన్నది, మణికట్టు కాడ వెడల్పయింది. ఊలు దారం పేని, అంచుల గుచ్చి, ముడేస్తె బిగుసుకునేటట్టు చేసిండు. రెండో చెయ్యి గూడ గట్లనే అల్లిండు, ఏలెడు పొడుగొచ్చింది. మల్ల ఇప్పే ఓపిక లేదు. సుక్రారం మాపటీలి సుమిత్రమ్మ ఇంటికి పోయి ఇచ్చిండు.

సుమిత్రమ్మ రెండు చేతులు ఎత్తి పట్టుకొని సూసింది. "గివి చేతులా అన్నా, బస్తా మూతులా?"

"నేనల్లిన చెల్లె. పాతయి రెబెక్కక్క అల్లలే. నాకు తెల్వకుంట ఇంకొకళ్లు అల్లిండ్రు. పెరుగుతయ్ అని నేను చెప్పింది అబద్ధమైంది. ఇవి పెరుగుతయ్."

"గీ మాట చెప్పనీకి మొఖం గంత పెట్టినవా? ఎవ్వలల్లితె ఏంది, పోరికి సలి ఆగితె సాలదా?"

ఎల్లప్పకు గీ మాట, వికారాబాద్ గడప మీద తగిలిన దెబ్బ కంటె ఎక్కువ తగిలింది. ముప్పై ఏండ్లు అక్కా తమ్ముడు ఒకరి మీద ఒకరు పెట్టుకున్న నమ్మకం ఈమెకు లెక్కనే లేదు. ఆమెది తప్పు గూడ గాదు. హాసిని స్వెట్టర్ తొడుక్కొని దారం గుంజి ముడేసుకున్నది, మల్ల ఇప్పింది, మల్ల ముడేసుకున్నది. "తాతా, లాగుకున్నట్టు చేతులకు గూడ లాడీలు వచ్చినయ్!" అని బజార్ల ఉరికింది.

తెల్లారి నెల మొదటి శనివారం. ప్యాసింజర్ బండి పొయ్యే యాళ్లకు ఎల్లప్ప సంకల సంచి పెట్టుకొని ఇంట్లకెళ్లి ఎల్లిండు. టేషన్ దిక్కు పోలే. పై గల్లీల ఆటో నడిపే పరమేశ్ ఇల్లున్నది. పోయినేడు వాని కొడుక్కు గూడ ఒకటి అల్లిచ్చిండు. తలుపు కొట్టిండు.

"ఏమన్నా, గింత పొద్దుగాల?" అన్నడు పరమేశ్ మొఖం తుడుసుకుంట.

"మీ పిలగాని స్వెట్టర్ తే తమ్మీ. చేతులు తీసి వేరేయి అల్లాలె."

"మంచిగనే ఉన్నయ్ గదా! గా వికారాబాదామె అల్లిందే గదా. ఏం, ఆమె పానం మంచిగ లేదా?"

ఎల్లప్ప సంచి మూతి తెరిసి పట్టుకున్నడు.

"ఆమెకేంది, మంచిగనే ఉన్నది," అన్నడు. "ఎన్నడు లేనంత మంచిగ అల్లుతున్నది. నువ్వు స్వెట్టర్ తే."